దారి చూపినవాడి వాటా

పాత గ్రామఫోను రికార్డుల మీద మక్కువతో రాసే మనిషి ఒకడున్నాడనుకుందాం. లక్కతో చేసిన పాతకాలపు రికార్డు చేతిలోకి వస్తే ఏం చూడాలో అతనికి బాగా తెలుసు. మధ్యలో అతికించిన కాగితం ఏ రంగులో ఉంది, గాడులు ఆగిపోయాక మిగిలే నున్నటి అంచులో ఏ అంకెలు చెక్కి ఉన్నాయి, వెలుతురుకు ఏటవాలుగా పట్టుకున్నప్పుడు మెరిసే సన్నని గీత పైపైదా, గాడిలోకి దిగిన పగులా, ఇవన్నీ ఓపిగ్గా విడమరిచి తన వెబ్‌సైటులో రాస్తాడు. చదివినవాళ్ళకు అంతవరకూ కనబడనివి కనబడటం మొదలవుతాయి. వ్యాసం చివర, ఇలాంటి రికార్డే ఒకటి ఇప్పుడు వేలంలో ఉందని చెప్పి ఒక లింకు ఇస్తాడు. దాన్ని నొక్కితే ఈబేలో ఆ వేలం పేజీ తెరుచుకుంటుంది. లింకు చివర ఉన్న అంకెల వరస, ఈ మనిషిని పంపింది ఫలానావాడని ఈబేకు చెబుతుంది. ఆ దారిన వచ్చినవాళ్ళకు పాట దక్కితే ఫలానావాడికి కమీషన్ ముడుతుంది.

ఇందులో తప్పేముంది? ఏమీ లేదనే ముందుగా తోస్తుంది. అతను అబద్ధం ఆడలేదు. లింకు ద్వారా వెళ్ళినందుకు కొన్నవాడి మీద అదనపు రుసుమేమీ పడలేదు. అమ్మినవాడికి గిరాకీ దొరికింది. అందరూ బాగుపడిన లావాదేవీలో లోపాలు వెతకడం చాదస్తమనిపించవచ్చు. అయినా కాస్త ఆగి చూస్తే, ఈ చిన్న ఏర్పాటు కొన్ని పాత ప్రశ్నలను మన ముందు పెడుతోంది. ఒక పని జరిగితే దానికి కర్త ఎవరు? మంచి సలహా అంటే ఏమిటి? ప్రతిఫలం పుచ్చుకుంటూ మనస్సాక్షిని నిలబెట్టుకోవడం ఎంతవరకు సాధ్యం? ఈ ప్రశ్నలు ఇంటర్నెట్‌తో పుట్టినవి కావు గాని, ఇంటర్నెట్ వాటిని లెక్కగట్టే యంత్రాన్ని తయారుచేసింది.

ఆ యంత్రం ఎలా పనిచేస్తుందో ముందు చూద్దాం. పియర్ ఒమిడ్యార్ అమెరికాలో ఒక వేలం వెబ్‌సైటును 1995 సెప్టెంబరులో మొదలుపెట్టాడు. అదే తరువాత ఈబే అయింది. మరుసటి ఏడు అమెజాన్, తన పుస్తకాలను ఇతరులు తమ వెబ్‌సైట్లలో సిఫారసు చేస్తే కమీషన్ ఇచ్చే పథకం తెచ్చింది. కొంతకాలానికి ఈబే కూడా ఆ బాట పట్టింది. ఇలా బయటి వెబ్‌సైట్ల ద్వారా సరుకును ప్రచారం చేయించి, అమ్మకం జరిగితేనే డబ్బిచ్చే పద్ధతినే అఫిలియేట్ మార్కెటింగ్ అంటున్నారు. లింకు నొక్కినవాడి బ్రౌజరులో కుకీ అనే చిన్న గుర్తు పడుతుంది. నిర్ణీత గడువులోగా అతను కొంటే, ఆ గుర్తు ఎవరిదైతే కమీషన్ వాళ్ళది. అమెజాన్‌లో ఆ గడువు సాధారణంగా 24 గంటలు. చాలాచోట్ల చివరి క్లిక్కే లెక్క. నెల్లాళ్ళపాటు ఎవరెవరి రాతలో చదివి మనసు కుదుర్చుకున్నా, ఆఖరి గంటలో ఎవరి లింకు నొక్కామో వాళ్ళకే మొత్తం వాటా.

కారణం అనేదాన్ని ఇంత సులువుగా తేల్చవచ్చునా? రికార్డు కొన్న మనిషినే తీసుకుందాం. ఆ పాట మీద ఇష్టం అతనికి నాన్న నుంచి వచ్చి ఉండవచ్చు. కొనాలన్న ఆలోచన ఏ పెళ్ళిలోనో చెవినబడ్డ పాత బాణీ వల్ల కలిగి ఉండవచ్చు. మన రచయిత లేకపోయినా ఈబేలో వెతికి ఆ పేజీకే చేరేవాడేమో. కుకీకి ఇవేవీ తెలియవు. అది చెప్పగలిగేది ఏది ముందు, ఏది వెనక అన్నంతవరకే. ముందు జరిగినది వెనక జరిగినదానికి కారణమని అనుకోవడం మనిషి బుద్ధికి ఎంత పాత అలవాటో, అంత పాత పొరపాటు.

ఈ అనుమానం ఊహ మీద మాత్రమే నిలబడింది కాదు. ఈబేలో పనిచేసిన ఆర్థికవేత్తలు థామస్ బ్లేక్, క్రిస్ నోస్కో, స్టీవెన్ టాడెలిస్ 2012లో ఒక ప్రయోగం చేశారు. అది అఫిలియేట్ల మీద కాదు, సెర్చ్ ఇంజన్లలో ఈబే డబ్బిచ్చి పెట్టించుకునే ప్రకటనల మీద. ‘ఈబే’ అని టైపు చేసినవాళ్ళకు కనిపించే ప్రకటనలను కొన్ని సెర్చ్ ఇంజన్లలో ఆపేశారు. ప్రకటన మీద క్లిక్కులు పోయాయి. కాని ఆ జనంలో నూటికి 99 మందికి పైగా, దాని కిందనే ఉన్న మామూలు లింకు నొక్కి వచ్చేశారు. అంటే అంతకుముందు ఈబే డబ్బిచ్చి రప్పించుకున్నది, తన గుమ్మం దాకా వచ్చేసినవాళ్ళనే. 2015లో అచ్చైన వాళ్ళ పరిశోధనలో ఇంకో సంగతి కూడా ఉంది. ఈబే గురించి అంతగా తెలియనివాళ్ళ విషయంలో ప్రకటనలు కొంత పనిచేశాయి, తరచూ వచ్చేవాళ్ళ విషయంలో దాదాపు పనిచేయలేదు. కాబట్టి దారి చూపడం అనే పని అసలే లేదని చెప్పలేం. దారి తెలియనివాడికి చూపినప్పుడు అది పని, తెలిసినవాడి ముందు నడిచి ‘నేను తీసుకొచ్చాను’ అంటే అది వేరే.

ఆ రెండో రకం ఎంతదూరం పోగలదో చూపే కేసు ఒకటి అమెరికా కోర్టు రికార్డుల్లో ఉంది. ఈబే అఫిలియేట్లలో అగ్రశ్రేణిలో ఉన్న షాన్ హోగన్, బ్రయన్ డన్నింగ్ అనే ఇద్దరు, ఎవరూ ఏ లింకూ నొక్కకుండానే సందర్శకుల బ్రౌజర్లలో ఈబే కుకీలు పడేలా చేశారు. డన్నింగ్ వైపు నుంచి పంచిపెట్టినవి, ఇతరుల బ్లాగుల్లో ఉచితంగా అతికించుకోగల చిన్న చిన్న పరికరాలు. మన పేజీకి ఏ దేశం నుంచి ఎవరొచ్చారో పటం మీద చూపేలాంటివి. ఆ పేజీ తెరిచిన ప్రతివాడికీ తెలియకుండానే గుర్తు పడేది. అతను తరువాత తనంతట తాను ఈబేకు వెళ్ళి ఏది కొన్నా కమీషన్ వీళ్ళ ఖాతాలో పడేది. 2008లో ఈబే దావా వేసింది, 2010లో నేరాభియోగాలు నమోదయ్యాయి. ఇద్దరూ నేరం ఒప్పుకున్నారు. 2014లో హోగన్‌కు 5 నెలలు, డన్నింగ్‌కు 15 నెలలు జైలుశిక్ష పడింది.

ఈ డన్నింగ్ 2006 నుంచి స్కెప్టాయిడ్ అనే పాడ్‌కాస్టు నడుపుతున్న మనిషి. ఆధారం లేని నమ్మకాలనూ, బూటకపు వైద్యాలనూ, దెయ్యాల కథలనూ ప్రశ్నించి చూడమని శ్రోతలకు చెప్పే కార్యక్రమం అది. హేతువును నమ్ముకున్న మనలాంటివాళ్ళం ఈ సంగతిని దాటవేసి పోకూడదని నా అభిప్రాయం. మఠాధిపతి ఎవరైనా మోసంలో దొరికితే విశ్వాసం మనిషిని మంచివాణ్ణి చేయలేదని తీర్పు చెప్పడానికి మనం తొందరపడతాం. అదే కొలత ఇక్కడా పెట్టాలి కదా. ఒక్క మనిషి పతనం అతను చెప్పిన మాటలను అబద్ధం చేయదు, నిజమే. ఆ మినహాయింపు అవతలివాళ్ళకూ ఇచ్చినప్పుడే అది న్యాయం. ఇంతకీ హేతువు దీపంలాంటిదే అనుకున్నా, దాన్ని ఎటు తిప్పాలో అదే చెప్పదు. ఇతరుల వాదాల్లోని చిల్లులన్నీ చూడగల బుద్ధి, తన ఆదాయం ఎక్కడి నుంచి వస్తోందన్న ఒక్క ప్రశ్న దగ్గర కునుకు తీయగలదు.

అయితే నేరం గురించి మాట్లాడుకోవడం తేలిక. చిక్కు ఉన్నది నేరం లేనిచోట. మన రికార్డుల రచయిత దగ్గరికే తిరిగి వద్దాం, ఎందుకంటే అతను ప్రచారం చేస్తున్నది దుకాణంలో సరుకును కాదు, వేలాన్ని. ఈ తేడా మీద ఎవరూ పెద్దగా దృష్టి పెట్టినట్టు కనిపించదు. దుకాణంలో మిక్సీ బాగుందని వెయ్యిమందికి చెబితే వెయ్యిమందీ అదే ధరకు కొనుక్కోవచ్చు, ఒకరికి చెప్పడం వల్ల ఇంకొకరికి నష్టం లేదు. వేలంలో ఉన్న రికార్డు ఒక్కటే. దాని గురించి చదివిన ప్రతి పాఠకుడూ మరో పాఠకుడికి పోటీదారుడు. ఎవరి కంటా పడకుండా మూలన ఉండిపోయిన వేలం, కనిపెట్టినవాడికి చౌకగా దక్కుతుంది. అదే వేలం నలుగురి నోటా పడితే ధర పెరుగుతుంది. జెరెమీ బ్యులో, పాల్ క్లెంపరర్ అనే ఆర్థికవేత్తలు 1996లో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో తేల్చింది కూడా ఇలాంటిదే. కొన్ని షరతులకు లోబడి, అమ్మేవాడు ఎంత నేర్పుగా బేరమాడినా వచ్చే లాభం కన్నా, వేలంలో అదనంగా ఒక్క పాటదారు చేరితే వచ్చే లాభం ఎక్కువ.

అంటే మన రచయిత పాఠకుడి చెవిలో మంచి వస్తువు ఉందని రహస్యం చెబుతున్నట్టే చెబుతూ, అదే రహస్యాన్ని వేలమంది చెవుల్లో వేస్తున్నాడు. ధర పెరిగినకొద్దీ కమీషనూ పెరుగుతుంది. పాఠకుడికి అతను స్నేహితుడిలా కనిపిస్తాడు. లెక్క ప్రకారం అమ్మేవాడి పక్షాన ఉన్నాడు. అమ్మేవాడి పక్షాన ఉండటం పాపం కాదు. తాతగారి రికార్డుల పెట్టెను అవసరానికి అమ్ముకుంటున్న ఇంటివాళ్ళకు న్యాయమైన ధర రావడం కూడా మంచే కదా. చౌకగా కొట్టేయాలన్న కొనుగోలుదారుడి ఆశకు, సరైన ధర రావాలన్న అమ్మకందారుడి ఆశ కన్నా నైతికంగా ఎక్కువ విలువ ఎందుకివ్వాలి? ఈ ప్రశ్నకు నా దగ్గర గట్టి సమాధానం లేదు. ఉన్నదల్లా, ఎవరి పక్షాన మాట్లాడుతున్నాడో అది వినేవాడికి తెలియాలి అన్న పట్టుదల ఒక్కటే.

పశువుల సంతలో దళారి తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కి ధర చెబుతాడు. బేరం రహస్యమే గాని అతను దళారి అన్న సంగతి రహస్యం కాదు. ఎద్దు పళ్ళు లెక్కపెట్టి చూపిస్తూ ‘మంచి జత, కళ్ళు మూసుకుని తోలుకుపో’ అంటే, రైతు ఆ మాటకు ఎంత తరుగు తీసి వినాలో అంత తీసి వింటాడు. మన రచయిత దగ్గర ఆ తరుగు తీయాలని పాఠకుడికి తోచదు, ఎందుకంటే అతను నిజంగానే రికార్డులను ప్రేమిస్తున్నాడు. ఆ ప్రేమ నిజం కావడమే ఇక్కడ కష్టం. నటన అయితే పట్టుకోవచ్చు.

అయితే వేలం పాటలన్నీ ఒకేలా ఉండవు, అది కూడా చెప్పుకోవాలి. హైదరాబాదు దగ్గరి బాలాపూర్‌లో వినాయకుడి లడ్డూ 1994లో 450 రూపాయలు పలికింది. 2024లో 30 లక్షల వెయ్యి రూపాయలు పలికింది. మధ్యలో వచ్చిన టీవీ కెమెరాల పాత్ర అందులో తక్కువేమీ కాదు. కాని అక్కడ ప్రచారం పాటదారును ముంచిందని అనలేం. నలుగురి ఎదుటా ఎక్కువ పాడటమే అతను కోరుకున్నది. ఆ లడ్డూను పొలంలో చల్లుకుంటే పంట బాగా పండుతుందని నమ్మేవాడికి అది ధర కాదు, సమర్పణ. ఆ డబ్బు ఊరి పనులకు వెళుతుంది కూడా. ఆ నమ్మకం నిజమా కాదా అన్నది వేరే విచారణ. రహస్యంగా ఉంటేనే లాభం అనుకునే పాటదారుకూ, బహిరంగంగా ఉంటేనే సార్థకం అనుకునే పాటదారుకూ ఒకే నీతి వర్తించదని ఒప్పుకుంటే ఇక్కడికి చాలు.

పక్షం చెప్పాలి అన్న పట్టుదలను చట్టం కూడా గుర్తించింది. అమెరికాలో 2009లో సవరించిన మార్గదర్శకాలు, సిఫారసు చేసేవాడికీ సరుకు అమ్మేవాడికీ ఉన్న సంబంధం వెల్లడి కావాలన్నాయి. మన దేశంలో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు జరిమానా పెట్టింది. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇచ్చిన సూచనల్లో, సిఫారసు ఏ భాషలో ఉంటే వెల్లడి కూడా అదే భాషలో ఉండాలన్న మాట ఉంది. మన యూట్యూబు ఛానళ్ళను ఒకసారి గుర్తు చేసుకోండి. ‘లింక్ కింద డిస్క్రిప్షన్‌లో ఇచ్చాను, చెక్ చేయండి’ అన్నది చక్కటి తెలుగులో వినిపిస్తుంది. ఆ లింకు వల్ల తనకు కమీషన్ వస్తుందన్న సంగతి చాలాసార్లు అదే డిస్క్రిప్షన్ అడుగున, నాలుగు వరుసల ఇంగ్లీషులో, ఎవరూ ‘మోర్’ నొక్కని చోట ఉంటుంది.

సరే, తెలుగులోనే, పైనే, పెద్ద అక్షరాలతో రాశాడనుకుందాం. అప్పుడు మనస్సాక్షి పని అయిపోయినట్టేనా? డేలియన్ కెయిన్, జార్జ్ లోవెన్‌స్టీన్, డాన్ మూర్ 2005లో ప్రచురించిన ఒక ప్రయోగం ఆ నమ్మకాన్ని కదిలిస్తుంది. ఒక గాజు సీసాలో నాణేలు పోశారు. వాటి విలువ ఎంతో కొందరు ఊహించి చెప్పాలి, కాని సీసాను దూరం నుంచే చూడాలి. మరికొందరు దగ్గరగా చూసి వాళ్ళకు సలహా ఇవ్వాలి. కొందరు సలహాదారులకు, అవతలివాడు సరిగ్గా ఊహిస్తే కాకుండా, ఎక్కువగా ఊహిస్తే డబ్బు. ఈ సంగతిని కొన్ని సందర్భాల్లో ముందే చెప్పేశారు, కొన్నింట్లో చెప్పలేదు. చెప్పేసినప్పుడు సలహాదారులు మరింత పెంచి చెప్పారు. విన్నవాళ్ళు కొంత తగ్గించుకున్నారు గాని, తగ్గించుకోవలసినంత తగ్గించుకోలేదు. ‘నా స్వార్థం నీకు చెప్పేశాను, ఇక జాగ్రత్త పడటం నీ వంతు’ అన్న భావన సలహాదారుల చేతికట్లు విప్పి ఉండవచ్చునన్నది పరిశోధకులు ఇచ్చిన వివరణల్లో ఒకటి. వెల్లడి అవసరం. కాని వెల్లడి చేశాక మనిషి తన మీద తాను వేసుకున్న కాపలా సడలితే, పాఠకుడికి మిగిలింది ఏమిటి?

కమీషన్ ఉన్నచోట సలహాను పరీక్షించడానికి నాకు తోచిన ప్రశ్న ఒకటే. ఇతను ఎప్పుడైనా ‘వద్దు’ అన్నాడా? ఈబేలో మొదట అమ్ముడుపోయిన వస్తువు గురించి తరచూ చెప్పే కథ ఒకటుంది. ఒమిడ్యార్ తన దగ్గర పాడైపోయిన లేజర్ పాయింటరును వేలంలో పెడితే 14 డాలర్ల 83 సెంట్లు పలికిందట. అది పనిచేయదని తెలుసా అని కొన్నవాణ్ణి అడిగితే, పాడైపోయినవే తాను పోగుచేస్తానని జవాబు వచ్చిందట. చేతికి రాబోయే డబ్బును పోగొట్టుకునే అవకాశం ఉన్నా ఆ ప్రశ్న అడిగాడు, అది గమనించాలి. అఫిలియేట్ లెక్కలో అలాంటి ప్రశ్నకు ఖాతా లేదు. ‘ఈ పగులు గాడిలోకి దిగింది, ఫోటోలో కనబడటం లేదు, పాడకండి’ అని చెప్పి పదిమందిని నష్టం నుంచి తప్పించినవాడికి ఏ యంత్రమూ పైసా ఇవ్వదు. నిజానికి సలహాదారు చేయగల గొప్ప మేలు అదే కావచ్చు.

రాసేవాడూ బతకాలి కదా అన్న మాటను ఇక్కడ తోసిపుచ్చకూడదు. అతని వ్యాసాలను ఏ రుసుమూ చెల్లించలేని విద్యార్థి కూడా చదువుతున్నాడు. కమీషన్ లేకపోతే ఆ వ్యాసాలు ఉండేవి కావేమో. ఫలితం మీద ఆశ లేకుండా పని చేయమన్న బోధ మన సంప్రదాయంలో ఉంది, దాన్ని నమ్మి బతికినవాళ్ళూ ఉన్నారు. కాని ఆ మాటను ఒకడు తనకు తాను చెప్పుకుంటే అది సాధన. కడుపు నిండినవాడు, నిండనివాడికి చెబితే అది వేరే అర్థం ఇస్తుంది. నా అనుమానం కమీషన్ పుచ్చుకోవడం మీద కాదు. అది మనిషి చేత అబద్ధం చెప్పిస్తుందన్న భయం కూడా నాకు తక్కువే. ఏది రాయాలో ఎంచుకునేచోట అది చూపే బలం మీదే నా అనుమానం. వేలానికి ఎన్నడూ రాని రికార్డు గురించి, మారుమూల ఇంట్లో మిగిలిపోయిన, అమ్మకానికి లేని ఒకే ఒక్క ప్రతి గురించి అతను రాయడం నెమ్మదిగా తగ్గుతుంది. రాయొద్దని ఎవరూ అనరు. రాసిన నెల ఖాతాలో ఏమీ పడదు, అంతే. కొన్నేళ్ళకు, తనకు నచ్చినవే రాస్తున్నానని అతను నమ్ముతూనే ఉంటాడు, ఆ మాట అబద్ధం కూడా కాదు. నచ్చడమే ఒక పక్కకు ఒరిగిపోయి ఉంటుంది.

లెక్క పాఠకుడి వైపు నుంచి కూడా చూడాలి. పగులును గుర్తుపట్టడం ఆ వ్యాసం చదివే నేర్చుకున్నాం. ఆ తరువాత మరో రోజు, లింకుతో పనిలేకుండా నేరుగా ఈబే తెరిచి ఇంకో రికార్డుకు పాడాం, దక్కింది. రచయితకు ఏమీ ముట్టలేదు. అతని చదువును వాడుకుని అతనికి ఎగవేశామా? కొందరు పాఠకులు దీనికి తమదైన పరిష్కారం కనుక్కున్నారు. కొనాలని ముందే నిశ్చయించుకున్నాక, పనిగట్టుకుని ఆ వ్యాసం దగ్గరికి వెళ్ళి లింకు నొక్కి, అప్పుడు పాడతారు. చూడబోతే ఇది కూడా కుకీ చేత అబద్ధం చెప్పించడమే. ఆ క్లిక్కు వల్ల ఈ కొనుగోలు జరగలేదు, జరిగినట్టు యంత్రం రాసుకుంటుంది. జైలుకెళ్ళినవాళ్ళు చేసినదానికీ దీనికీ ఆకారంలో పోలిక ఉంది. తేడా అంతా లోపల ఉంది. అక్కడ పని లేకుండా ప్రతిఫలం దోచుకున్నారు, ఇక్కడ యంత్రానికి కొలవడం చేతకాని పనికి ప్రతిఫలం చేరవేస్తున్నారు. నేనైతే లింకు నొక్కేవాళ్ళ పక్షమే. కాకపోతే ఆ కమీషన్ వాళ్ళ జేబులోంచి పోవడం లేదు, ఈబే ఖాతాలోంచి పోతోంది. ఆ రచయితే రేపు లింకులన్నీ తీసేసి, తోచినంత ఇవ్వండని కింద యూపీఐ నంబరు పెడితే, ఇప్పుడు ఇంత శ్రద్ధగా లింకు వెతుక్కుని నొక్కుతున్న మనలో ఎంతమందిమి అంకె వేస్తాం, ఎంత వేస్తాం అన్నది ఎవరికి వాళ్ళు చెప్పుకోవలసిన మాట.